రూతమ్మ రాసిన వాన

1980. నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా ఉండేవాణ్ని. ఫస్టియర్ పిల్లలకు కాంపోజిషన్, అంటే సొంతంగా వ్యాసం రాయడం, నేర్పే పని నా నెత్తిన పడింది. పేరుకే సొంతం. ‘వాన కురిసిన రోజు’ రాయమంటే క్లాసంతా ఒకే గైడులోని వ్యాసం దించేది. అందరి వానలోనూ కాగితం పడవలే, అందరి అమ్మలూ వేడి కాఫీ ఇచ్చేవాళ్లే.

“మీ ఇండ్లల్లో వాన పడితే కాఫీ ఎవరు ఇస్తార్రా?” అని కసిరితే, “గైడులో ఉంది సార్” అనేవాళ్లు. ఒళ్లు మండేది.

ఆ క్లాసులోనే రూతమ్మ. ఆళ్లగడ్డ దగ్గరి దొర్నిపాడు పిల్ల, హాస్టల్లో ఉండి చదివేది. తండ్రి ఏసేపు కూలి చేసేవాడు. క్లాసులో ఆమె నోరు విప్పగా నేను చూడలేదు. ఒక ఆదివారం పనిమీద ఆళ్లగడ్డ వెళ్తే, సెలవుకు ఇంటికొచ్చిన ఆమె చర్చిలో కనిపించింది. సాక్ష్యం చెబుతోంది. తమకు జరిగిన కష్టం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పడమే సాక్ష్యం. ఎంత చక్కగా చెప్పిందో! తల్లి జ్వరం సంగతి వింటూ ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

సోమవారం పిలిచాను. “ఆ సాక్ష్యం చెప్పినట్టే రాయమ్మా. గైడు ముట్టుకోకు.”

“ఆడ జరిగిందే చెప్తాం సార్. పరీక్షలో జరిగింది రాస్తే మార్కులేస్తారా?”

“ఎందుకెయ్యరు?” అన్నాను ధీమాగా.

ఆమె తన వాన రాసింది. కప్పు కారుతుంటే నాన్న ఉన్న ఒక్క దుప్పటీ బియ్యం మీద కప్పి, తాను తడుస్తూ కూర్చున్నాడని. ఇంగ్లీషు వంకరటింకరే. అయినా రెండుసార్లు చదివాను.

ఏసేపు ఒకసారి కాలేజీకొచ్చాడు. “పాసైతేనే చదువు సార్. తప్పిందా, వాళ్లమ్మ ఎనకాల కలుపుకు పోవాల్సిందే. ఇంగ నాచేత కాదు.”

పరీక్షలో వానే అడిగారు. రూతమ్మ తన వానే రాసింది. ఇంగ్లీషు తప్పింది.

నేనూ ఎండాకాలం వాల్యుయేషన్‌కు, అంటే పేపర్లు దిద్దడానికి, వెళ్లినవాణ్నే. కట్టలు కట్టలుగా ముందుంటాయి. గైడు వ్యాసంలో తప్పు దొరకదు, సొంత వాక్యంలో ఇట్టే దొరుకుతుంది. ఆ హడావుడిలో దుప్పటి ఎవరికి కనబడుతుంది?

రూతమ్మ ఏడవలేదు. “నాయన్ను బతిమాలుకున్యా సార్. ఇంగొక్కసారి రాయమన్యాడు. ఆ గైడు యాడ దొరుకుతాది?”

నేనే తెచ్చిచ్చాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం పడవలు, వేడి కాఫీ అప్పజెప్పించుకున్నాను. సప్లిమెంటరీలో మంచి మార్కులతో పాసైంది. చదువు ఆగిపోకుండా నిలబడిందని సంతోషించాను కూడా. సెకండియర్‌లో మళ్లీ సొంతంగా రాయమంటే మాత్రం, “వద్దులే సార్” అంది. ఆ రెండు మాటలు నా గుండెల్లో ముల్లులా ఉండిపోయాయి.

చాలా ఏళ్లకు ఆళ్లగడ్డ బస్టాండులో కనబడింది. టీచరైంది.

“ఇంగ్లీషే చెప్తాండా సార్. మా పిల్లోళ్లు ఒక్కరూ తప్పరు. గైడు బట్టీ కొట్టిస్తా.”

“నీ వాన సంగతి వాళ్లకు ఎప్పుడైనా చెప్పావా?”

“చెప్తే నమ్ముతారు సార్. నమ్మి, వాళ్ల వాన రాస్తారు. అదే నా భయం.”

పిల్లలకు రాయడం రాదని ఉద్యోగం చేసినన్నాళ్లూ విసుక్కున్నాను. వాళ్లకు వచ్చు. రాసింది చదివే ఓపిక మా దగ్గరే లేదు.