బర్రె మెయిల్ కింద పడ్డ నా చిక్కుడు

మా అమ్మ ఇచ్చిన చిక్కుడు విత్తనం ఆఖరికి తొమ్మిది గింజలకొచ్చింది. ఖానాపురం హవేలిలో మా ఇంటెనక జానెడు జాగల తొమ్మిదీ పెడితే, ఒక్క తీగె పందిరెక్కింది. విరగబూసింది. పూసింది పూసినట్టే రాలింది. అది కాయకుంటే ఆ విత్తనం ఇంక లేనట్టే.

విత్తనాలు దాచేటోళ్ల మెయిల్ గ్రూపు ఒకటున్నది. ఒకరు రాస్తే అందరికీ పోతది. మా కోడలు నన్ను అండ్ల చేర్పించింది. నేను చదివింది మూడో తరగతి, అయినా ఫోన్ల మాట్లాడితే అదే రాసుకుంటది.

మా అమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. అక్కరకు ఎవరింటికన్న పోతే, పోంగనే నీ అక్కర బయటపెట్టొద్దు. ముందు వాళ్ల మంచీచెడ్డా అడిగి, లేచేటప్పుడు నీది చెప్పాలె. అప్పుడే గ్రూపుల ఒకాయన తన బర్రె చేపుతలేదని, పాలు దిగుతలేవని రాసిండు. నేను దానికే జవాబు మీట నొక్కి, "బర్రె ఇప్పుడెట్లున్నదయ్యా, దూడను ముందు విడిచి చూసినవా" అని అడిగి, ఆఖరుకు నా చిక్కుడు సంగతి చెప్పిన. కింద అంతకుముందు అందరు రాసింది రాసినట్టే ఉంచిన. మంది మాట చెరుపుతమా?

ఎనిమిది రోజులు ఒక్కరు పలకలే. పొద్దున్నే రాలిన పూలు ఊడుస్తున్న. చదువు లేనిదని పట్టించుకుంటలేరేమో అని మనసు చిన్నబోయింది.

అప్పుడు గ్రూపు చూసుకునే సారు నాకొక్కదానికే రాసిండు. "చెల్లెమ్మా, నీ చిక్కుడు బర్రె మెయిల్ కింద పడున్నది. బర్రెల్లేనోళ్లు అది తెరుస్తలేరు. కొత్త ముచ్చటకు కొత్త మెయిల్ రాయి, పైన దాని పేరు పెట్టు. జవాబైతే పాతదాని కిందనే ఇయ్యి. ఏ మాటకు చెప్తున్నవో ఆ మాట ఒక్కటి ఉంచు, తక్కింది తీసెయ్యి."

"మంది రాసింది తీసేసుడేంది" అన్న కోడలితోని.

"పక్కింటామె ఉప్పడిగితే ఉప్పిస్తవా, వంటిల్లంత మోసుకపోతవా అత్తమ్మా?"

"నువ్వైతే ఉప్పు కూడ ఇయ్యవు."

"అందుకే నా మెయిళ్లు పొట్టిగుంటయి."

మంచీచెడ్డా అడగకుండ రాసుడు నాకు సిగ్గే అనిపించింది. అయినా రాసిన. పైన "చిక్కుడు పూత రాలుతున్నది, ఉన్నది ఒక్కటే తీగె" అని పెట్టిన. పొద్దుగూకేలోపల మూడు జవాబులొచ్చినై. చండ్రుగొండ నుంచి ఒకామె రాసింది: "వదినా, నీళ్లు, ఎరువు మస్తు పోస్తున్నవా ఏంది? నేల కొంచెం ఆరనియ్యి, తీగె కొసలు తుంచు."

పోస్తున్న మరి. ఒక్కటే తీగెనాయె, పొద్దుకొక బిందె, మాపుకొక బిందె.

పదిహేను రోజులకు పిందెలు పట్టినై. అదే మెయిల్ కింద, ఆమె రాసిన ఆ మాటొక్కటి ఉంచి, "నీళ్లు తగ్గించిన, పూత నిలిచింది వదినా" అని రాసిన. కోడలు కూరకు నాలుగు కాయలడిగినా ఇయ్యలే. అన్నీ తీగె మీదనే ఎండనిచ్చిన. దోసెడు గింజలైనై.

మొన్న సారపాక నుంచి ఒకామె మెయిల్. వాళ్లింట్ల కూడ పూత రాలుతుంటే గ్రూపు పాత మెయిళ్లల్ల వెతికిందట, నా మెయిల్ దొరికిందట. అడిగిన కాన్నుంచి కాసిన దాక వరుసగ చదివి, ఇప్పుడు ఆ విత్తనమే కావాలంటది. పైన పేరు పెట్టి రెండు ముక్కల్ల అడిగింది. నేను కూడ ఆ కిందనే రెండు ముక్కల్ల, పంపిస్తున్నా అని రాసిన.

ఆమెను అడగాలనుకున్న మంచీచెడ్డా మాత్రం నా చేత్తోని కాయితం మీద రాసి, ఇరవై గింజలు దాంట్లనే పొట్లం కట్టిన.