మొగలివలస బడి గోడ

గౌరీశ్వరి టీచరు మొగలివలస బడికి బదిలీ మీద వచ్చింది తొంభై ఆరులో. పలాస నుంచి టెక్కలి వైపు పోయే పెద్దరోడ్డు పక్కన రెండు గదులు, ఒక వరండా. ముందు ఇసుక నేల, ఆ తర్వాత వరసగా కానుగ చెట్లు, వాటికవతల రోడ్డు. అప్పట్లో అది ఇరుకు రోడ్డు. ఎదురెదురుగా రెండు లారీలు వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. బడిలో పిల్లలు అరవై ముగ్గురు, టీచరు ఒక్కతే.

ఆమె పుట్టి పెరిగింది వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోటల ఊళ్లో. సముద్రపు గాలి హోరులో తోట ఈ చివర నుంచి ఆ చివరనున్న తండ్రిని అన్నానికి పిలిచి పిలిచి గొంతు ఆరుబయటి గొంతయింది. ఎక్కాలు చెప్పిస్తుంటే వెనకున్న జీడితోటలో పనిచేసేవాళ్లు కూడా పెదాలు కదిపేవారు. "పదమూడో ఎక్కం నాకు మీ నోట్లోంచే వచ్చినాదమ్మా" అనేది దాలమ్మ. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి పోతూ, తర్వాతి ఏళ్లలో తన కూతురు స్వాతిని బడి గుమ్మం దాకా దిగబెట్టే మనిషి.

రెండు వేల ఒకటిలో సర్వేవాళ్లు వచ్చి చెట్లకు ఎర్ర రంగు పూశారు. రోడ్డు నాలుగు వరసలవుతుందన్నారు. బడి ముందే షామియానా వేసి మీటింగు పెట్టారు. అధ్యక్షుడు బంగారయ్య. ఊళ్లో పెద్ద రైతు, జీడిపప్పు వ్యాపారి, బడి కమిటీకి ఛైర్మను కూడా. పట్నం నుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన మ్యాపు పరిచి, రోడ్డంచు బడికి ఎంత దగ్గరికి వస్తుందో పెన్సిలుతో చూపించాడు. వరండా మెట్టు నుంచి పదకొండు అడుగులు.

"మరి పిల్లలకు పాఠం ఎలా వినిపిస్తుంది సార్?" అని లేచి అడిగింది గౌరీశ్వరి.

"దానికోసమే గోడ ఉందమ్మా" అన్నాడాయన. "పన్నెండడుగుల ఎత్తు. శబ్దం ఆపడానికే. రోడ్డు నిధుల్లోనే దానికి విడిగా శాంక్షనుంది. ఇది నేను నోటితో చెప్పే మాట కాదు, కాగితం మీదున్న పని."

అందరూ చప్పట్లు కొట్టారు. గౌరీశ్వరి కూడా కొట్టింది.

రెండు వేల మూడు వేసవికి రోడ్డు వచ్చింది. కానుగ చెట్లు పోయాయి. రోడ్డును మనిషెత్తు లేపి వేశారు గనక లారీ చక్రాలు సరిగ్గా బడి కిటికీల ఎత్తున తిరిగేవి. బడి దగ్గరే చిన్న ఎత్తు. ఒరిస్సా వైపు నుంచి బరువుతో వచ్చే ప్రతి లారీ అక్కడికొచ్చేసరికి గేరు మార్చాల్సిందే. పైగా ఊళ్లోకి తిరగడానికి డివైడరును అక్కడే తెరిచారు. దాంతో ప్రతివాడూ అక్కడ హారను మోగించాల్సిందే. గోడ మాత్రం రాలేదు. రోడ్డు పని పూర్తయ్యాక కడతారేమోనని ఆ ఏడాది ఎదురుచూసింది. రోడ్డు పని పూర్తయింది, మిషన్లు వెళ్లిపోయాయి, కూలీల గుడారాలూ ఎత్తేశారు.

ఆమె పాఠం చెప్పే తీరు దానంతటదే మారింది. ఒక వాక్యం చెప్పి ఆగేది. లారీ పోయాక రెండో వాక్యం. నిమిషం ఖాళీ దొరికితే గబగబా నాలుగు వాక్యాలు. ఎక్కాలు చెప్పించడం మానేసింది. బోర్డు మీద రాయడం పెరిగింది, చేతి సైగలు వచ్చాయి. కొన్నాళ్లకు పిల్లలు ఆమె పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నారు. ఆ మరుసటి ఏడాది ఒకటో తరగతిలో చేరిన స్వాతి అందులో దిట్ట. గొంతు లేకుండా ఒట్టి పెదాలు కదిపినా ఠక్కున జవాబు చెప్పేది. మొదట్లో అది చూసి గౌరీశ్వరికి ముచ్చటేసింది. ఒకరోజు ఇంటికి పోతూ బస్సులో ఆలోచిస్తే భయమేసింది. చెవులు బాగున్న పిల్లలకు తను చెవిటివాళ్ల చదువు నేర్పుతోంది.

ఆ శీతాకాలం తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. మూడో తరగతి వాళ్లకు శ్రుతలేఖనం పెట్టాడు. "మేఘాలు కమ్ముకున్నాయి" అన్నాడు. సరిగ్గా అప్పుడే కంటెయినరు లారీ ఒకటి ఎత్తెక్కింది. పిల్లలంతా ఆయన మూతి వంక చూశారు. ఆయనకు పెదాలు కప్పేసే దట్టమైన మీసం. పలకలు తిప్పి చూపిస్తే తొమ్మిదిమంది "మేకలు అమ్ముకున్నాయి" అని రాశారు.

ఆయన నవ్వలేదు. గౌరీశ్వరి రోడ్డు వైపు చెయ్యి చూపించి చెప్పబోతే, "పరిస్థితులు అన్ని చోట్లా ఉంటాయమ్మా" అని రిజిస్టరు మూశాడు. పదిహేను రోజులకు మెమో వచ్చింది. విద్యార్థుల స్థాయి అధమంగా ఉన్నదని, సంజాయిషీ ఇవ్వాలని.

సంజాయిషీ రాస్తుండగా ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. నాలుగో తరగతి పిల్లలను వరండాలో కూర్చోబెట్టి, వారం రోజుల పాటు పీరియడుకెన్ని బళ్లు పోతున్నాయో గీతలు గీయించింది. ఐదు గీతలకో కట్ట. వారం చివర పిల్లలే కూడారు. ఒక పీరియడుకి తక్కువలో తక్కువ డెబ్బై నాలుగు. ఆ కాగితాలన్నీ దారంతో కుట్టి, అర్జీకి జతచేసి, సోమవారం సెలవు పెట్టి శ్రీకాకుళం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకి వెళ్లింది.

బల్ల వెనకున్న అధికారి కాగితాలు తిప్పి, "బాగుంది. పిల్లల చేత ప్రాజెక్టు వర్కు చేయించారా?" అన్నాడు. అర్జీ మీద నంబరు వేసి, డివిజను ఆఫీసుకు రాశాడు. డివిజను ఆఫీసువాళ్లు అది రోడ్డువాళ్ల పనన్నారు. రోడ్డువాళ్లు నిధులు ఎప్పుడో జిల్లాకు జమ చేశామన్నారు. జిల్లావాళ్లు బడి మండలానిది గనక మండలాన్నే అడగమన్నారు. మండలంలో గుమాస్తా ఒక ముసలాయన. ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, "అమ్మా, ఈ ఫైలు మా దగ్గర నేదు. ఉంతే ఇచ్చీవోణ్ణి" అన్నాడు. అన్ని చోట్లా తిరిగాక మర్యాదగా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

అలా ఏడాదికి పైగా గడిచింది. గొంతు బొంగురుపోయింది. పలాసలో జీడిపప్పు కంపెనీలో తూకం గుమాస్తాగా పనిచేసే ఆమె భర్త రవికుమార్ బలవంతాన శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు అద్దం పెట్టి చూసి, గొంతులో కాయల్లాంటివి లేచాయన్నాడు. ఆరు నెలలు గట్టిగా మాట్లాడకూడదన్నాడు.

"ఆరు నెలలు సెలవెవరిస్తారు?" అంది ఆమె బస్సులో.

"నువ్వు అరిచినా ఆ పిల్లలకి ఇనబడదు, అరవకపోయినా ఇనబడదు" అన్నాడు రవికుమార్. "ఇంక ఒగ్గేయ్ గౌరీ. ఊళ్లో వాళ్లకి పట్టనిది నీకెందుకు?"

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కోపమొచ్చి కాదు, గొంతు నొప్పిగా ఉండి.

రెండు వేల ఆరులో సమాచార హక్కు చట్టం గురించి పేపర్లో చదివింది. పది రూపాయల స్టాంపు అంటించి ఒక్కటే ప్రశ్న అడిగింది. మొగలివలస బడి గోడకు ఇచ్చిన నిధులు ఏమయ్యాయి? జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. వచ్చిన కాగితంలో ఉన్నది రెండే ముక్కలు. మొగలివలస వద్ద శబ్ద నివారణ గోడ నిర్మాణం 2004 మార్చి నాటికి పూర్తయినది. బిల్లు చెల్లించబడినది.

కాగితం పట్టుకుని ఆమె వరండాలోకి వచ్చి నిలబడింది. ఎదురుగా రోడ్డు. పదకొండు అడుగులు. మధ్యలో ఏమీ లేదు. అప్పుడామెకు రోజూ బస్సులోంచి చూస్తున్న గోడ గుర్తొచ్చింది. ఊరి మొగదల్లో, రోడ్డు వంపు దగ్గర, బంగారయ్య జీడి గోదాము ముందుంది. పన్నెండడుగుల ఎత్తున నున్నగా సిమెంటు పూసిన గోడ. ఆయన సొంత డబ్బుతో కట్టుకున్నాడనే ఇన్నాళ్లూ అనుకుంది.

బడి వదిలాక అక్కడికి నడిచి వెళ్లింది. గేటు తీసే ఉంది. లోపల గోడ నీడలో గోనెపట్టాల మీద పిక్కలు ఆరబోసి ఉన్నాయి. ఆమె గోడవారకు వెళ్లి నిలబడింది. అవతల లారీ పోయింది. పోయినట్టు కాళ్ల కింద అదురు తెలిసింది గానీ, మోత మాత్రం ఎక్కడో దూరాన పోతున్న బండి మోతలా వచ్చింది. గోనెపట్టా మీద పిక్కలను కాలితో తిరగేస్తున్న ముసలమ్మ పైకి పాడకుండా లోలోపలే ఏదో కూనిరాగం తీస్తోంది. అది కూడా వినబడింది. ఇంజినీరు అబద్ధం చెప్పలేదు. గోడ నిజంగానే చప్పుడు ఆపుతుంది. గౌరీశ్వరి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

బంగారయ్య బయటికి వచ్చాడు. "రండి రండి టీచరమ్మా. ఏటిలాగొచ్చినారు? కింద కూకున్నారేటి, కుర్సీ ఎయ్యమంతాను."

ఆమె కాగితం చాపింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివాడు. మొహంలో తప్పుచేసిన చిహ్నమేదీ లేదు.

"నానేటి సేత్తాను సెప్పండి. ఆల్లే వచ్చినారు, ఆల్లే ముగ్గేసి కొలుసుకున్నారు. ఇక్కడ గోడ కడతామంతే ఒద్దంతామేటి? మీ బడి కాడ జాగా సాలదన్నారు. మొగలివలస పేరునొచ్చింది మొగలివలసలోనే ఉంది. ఊరు దాటి పోనేదు కదా."

"పిల్లలు..." అంది ఆమె. తర్వాతి మాట గొంతులోంచి గాలిలా వచ్చింది.

"పిల్లలకేటమ్మా, అలవాటైపోతాది" అన్నాడు బంగారయ్య. టీ తెప్పించాడు. ఆమె తాగకుండా లేచి వచ్చేసింది.

మళ్లీ అర్జీ. ఈసారి విచారణకు ఒక అధికారి జీపులో వచ్చాడు. ముందు గోడ దగ్గరకు వెళ్లి ఫొటో తీయించి, ఆ తర్వాత బడికి వచ్చాడు.

"గోడ ఉంది కదమ్మా?"

"ఉంది సార్. కానీ బడి ఇక్కడుంది."

"మా ఫైల్లో బడి లేదు" అన్నాడాయన, విసుగు లేకుండా, అర్థమయ్యేలా చెప్పాలన్నట్టు. "పని పేరు: గోడ, మొగలివలస. గోడ ఉందా, ఉంది. ఊరు ఇదేనా, ఇదే. పని జరగలేదని నేను ఎలా రాయను?"

బడి దగ్గర ఉన్న కాసేపట్లో లారీల మోతకు ఆయన ప్రతి ముక్కా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ సంగతి రిపోర్టులో రాయండని గౌరీశ్వరి అడిగింది. ఆయన నవ్వి జీపెక్కాడు.

ఆ తర్వాత పిల్లలు ఒక్కొక్కరే తగ్గారు. కలిగినవాళ్లు పలాసలో ఇంగ్లీషు కాన్వెంటుకి వ్యానులో పంపడం మొదలెట్టారు. బంగారయ్య మనవలు ముందే పోయారు. అరవై ముగ్గురు నలభై అయ్యారు, నలభై ఇరవై రెండయ్యారు. రెండు వేల తొమ్మిదిలో పద్నాలుగు మంది మిగిలారు. పిల్లలు చాలరని బడి మూసి, రోడ్డుకు అవతలి పక్కనున్న బడిలో కలిపారు. ఆమెను బారువ వైపు ఒక ఊరికి బదిలీ చేశారు.

ఆఖరి రోజున దాలమ్మ వచ్చి స్వాతి టీసీ అడిగింది. స్వాతి అప్పుడు ఐదో తరగతి.

"అవతలి బడికి పంపవా?" అంది గౌరీశ్వరి.

"ఆ రోడ్డు దాటాలమ్మా. పొద్దున్నే నాను పనికి పోవాల. దీన్ని సెయ్యట్టుకుని దాటించీదెవులు? మొన్న మా ఈదిలో ముసిలోణ్ణి లారీ ఏసీసింది, సూసినారు కదా."

"నేను ఎవరితోనైనా మాట్లాడతాను దాలమ్మా. అవతలి టీచరు..."

"ఒద్దమ్మా. మీరు మాటాడకండి. మీ గొంతు సూత్తంతే మాకే బాధగున్నాది."

స్వాతి ఇదంతా టీచరు పెదాల వంక చూస్తూ విన్నది. గౌరీశ్వరి టీసీ రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చింది.

పది నెలల తర్వాత, జీతం పని మీద పలాస వచ్చినప్పుడు, కాశీబుగ్గ బస్టాండులో తల్లీకూతుళ్లు కనిపించారు. స్వాతి వేళ్లకు జీడి రసం పట్టి గోళ్ల దాకా నల్లబడ్డాయి. టీచరును చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. గౌరీశ్వరి సంచిలోంచి, ఆ ఉదయమే అందిన సర్కారు ముద్ర కవరు పైకి కనబడుతోంది. ఎప్పుడో పైకి పంపిన ఆఖరి అర్జీకి జవాబు.

"ఏటొచ్చిందమ్మా? గోడ గురించేనా?" అంది దాలమ్మ కవరు చూసి.

గౌరీశ్వరి తీసి పైకి చదివింది. సదరు పాఠశాల ప్రస్తుతం ఉనికిలో లేనందున శబ్ద సమస్య తలెత్తదు. అర్జీ పరిష్కరించబడినదిగా భావించి ముగించడమైనది.

దాలమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "పరిస్కారం అంతే మంచిదే కదమ్మా. అయితే కడతారా?"

"కట్టరు" అంది గౌరీశ్వరి.

కంపెనీకి పోయే ఆటో వచ్చింది. అప్పటికే అందులో ఎనమండుగురు ఆడవాళ్లున్నారు. దాలమ్మ కూతుర్ని ముందు ఎక్కించి, తను ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి వేలాడుతూ వెళ్లిపోయింది.