నేను ఆడిన ఆటలు, మామయ్య నడిపిన బస్సు

ఆఫీసులో ఎవరైనా కొత్తగా చేరి, సెలవు రోజు ఏం చేస్తారండీ అని అడిగితే వీడియో గేములు ఆడతానని చెప్తాను. నలభై దాటిన ఆడమనిషి నోట ఆ మాట వింటే చాలామంది నవ్వుతారు. పిల్లలతో కలిసి ఆడతారా అంటారు. మాకు పిల్లలు లేరు. నా కోసమే ఆడతాను. చిన్నప్పటి నుంచీ ఆడుతూనే ఉన్నాను.

మొదటిది ఇటుకల గేము. హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు నాన్న నాకూ అక్కకూ కలిపి ఒకటే కొనిచ్చాడు. అరచేతికి కొంచెం పెద్దగా, బూడిద రంగు ప్లాస్టిక్‌తో ఉండేది. పైనుంచి రకరకాల ఇటుకలు పడుతుంటే వాటిని తిప్పి, సందుల్లో ఇమిడ్చి, వరస నింపి మాయం చెయ్యాలి. అక్కకు నాకంటే బాగా వచ్చేది. ఓడిపోయినవాళ్ళు ఇంకొకళ్ళకు ఇచ్చెయ్యాలన్నది మా ఒప్పందం. తను ఓడిపోయేది కాదు కాబట్టి నేను పక్కన కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే నేను ఆడిన దానికంటే చూసిందే ఎక్కువ. అయినా అది నాకిష్టమైన ఆటే. పొడుగు ఇటుక ఎప్పుడొస్తుందా అని ఇద్దరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. రోజంతా దేనికో ఒకదానికి పోట్లాడుకునే మేము ఆ కాసేపూ ఒకే వైపు ఉండేవాళ్ళం.

రెండో ఆట దోహా వచ్చాక దొరికింది. పెళ్ళయ్యాక మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాను నాలుగు వాటాలు చేసి అద్దెకిస్తే, అందులో మేడమీది వాటాలో ఉండేవాళ్ళం. ఆయన పొద్దున్నే ఆఫీసు బస్సులో వెళ్ళిపోయేవారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చాను. ఇక్కడ ఇంకోటి దొరికేసరికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో నాకు నిజంగా పని ఉన్న చోటు ఒకటే, కంప్యూటర్‌లో ఒక చిన్న పొలం. ముల్లంగి నాటాలి, నీళ్ళు పొయ్యాలి, కోళ్ళకు గింజలు వెయ్యాలి. వాన కురిసిన రోజు నీళ్ళు పొయ్యక్కర్లేదు. దోహాలో వాన చూడని నేను ఆ తెర మీద చినుకులు పడితే వంట ఆపి వచ్చి కూర్చునేదాన్ని. ఆ ఊరివాళ్ళు కనిపిస్తే పలకరించేవాళ్ళు. బొమ్మలని తెలుసు. అయినా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నన్ను పలకరించేది వాళ్ళే.

ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే కట్టేసేదాన్ని. చదువుకున్నదాన్ని, ఇంట్లో కూర్చుని బొమ్మల పొలం దున్నుకుంటున్నానంటే ఏమనుకుంటారోనని సిగ్గు. ఒకరోజు ఒంట్లో బాగాలేక ఆయన మధ్యాహ్నమే వచ్చేశారు. నేను పట్టుబడిపోయాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా కాసేపు నిలబడి చూసి, ఆ మూల అంత ఖాళీ ఎందుకు వదిలావు, గుమ్మడికాయ వెయ్యకూడదా అన్నారు. ఆ సాయంత్రం జ్వరం టాబ్లెట్ వేసుకుని, దుప్పటి కప్పుకుని, నా పక్కన కూర్చుని ఆయన కంచె కట్టారు. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఆ రోజేనని నేను ఇప్పటికీ అంటుంటాను.

మూడో ఆట మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

ఉద్యోగం దొరికాక దోహాలోనే మెసైమీర్‌లో ఫ్లాట్‌కు మారాం. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాయింగులు, ఉత్తరాలు వరసపెట్టి భద్రపరిచే పని. అంతా బాగానే ఉంది కానీ నాకు కారు నడపడం రాదు. హైదరాబాద్‌లో స్కూటీ నడిపాను, అంతే. ఆయన డ్యూటీ వేళలు వేరు కావడంతో రోజూ టాక్సీ కోసం ఎండలో ఎదురుచూపులు. డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నేర్పిన ఆవిడ శ్రీలంక మనిషి, ఓపిక ఎక్కువ. పార్కింగ్ బాగానే వచ్చింది. రౌండబౌట్ దగ్గరే ప్రాణం పోయేది. ఇక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. రౌండబౌట్‌లో బండ్లు మన ఎడమ నుంచి వస్తాయి. నా తల మాత్రం స్కూటీ రోజుల అలవాటుతో కుడివైపుకే తిరిగేది. మొదటి పరీక్షలో రౌండబౌట్ ముందు ఆగిపోయాను. పక్కన కూర్చున్న పోలీసు అధికారి మూడుసార్లు యల్లా, పద అన్నా కదల్లేదు. రెండో పరీక్షలో కదిలాను. ఎడమ నుంచి వస్తున్న వ్యాను చూసుకోకుండా కదిలాను. ఆయనే బ్రేకు తొక్కాడు. రెండుసార్లూ తప్పాను. ఇంక నా వల్ల కాదని ఇంట్లో చెప్పేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామయ్య, అంటే మా ఆయన నాన్నగారు, వచ్చారు. మా ఆడబిడ్డ కాన్పుకని అత్తయ్య పుణె వెళ్ళింది. జగిత్యాలలో ఒక్కరూ ఎందుకని మామయ్యను మూడు నెలలు ఇక్కడికి రప్పించాం. ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ బస్సు నడిపి రిటైరయ్యారు. మాటలు తక్కువ. నాతో అయితే మరీ తక్కువ. నేను హాల్లోకి వస్తే ఆయన బాల్కనీలోకి, నేను బాల్కనీలోకి వెళ్తే ఆయన హాల్లోకి. జూన్ ఎండకు బాల్కనీలో ఎంతసేపుంటారు పాపం. ఊరి నుంచి స్నేహితులు ఫోన్ చేసి దుబాయ్ ఎట్లుందని అడిగితే, ఇది దుబాయ్ కాదురా అని మొదటి వారం సరిదిద్దారు. తర్వాత అదీ మానేసి, మంచిగనే ఉంది అని పెట్టేసేవారు.

మా పక్క ఫ్లాట్‌లో ఉండే ఈజిప్టు కుటుంబం దేశానికి వెళ్ళిపోతూ సామాన్లు పంచిపెడుతుంటే నాకు ఒక గేమ్ స్టీరింగ్ వచ్చింది. కింద క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ కూడా ఉన్నాయి. దాంతో పాటు ఒక బస్సు గేము. యూరప్ ఊళ్ళలో సిటీ బస్సు నడపాలి, స్టాపుల్లో ఆగాలి, జనాన్ని ఎక్కించుకోవాలి. కార్ల రేసు అయితే బాగుండేదే అనుకుంటూ సెలవు రోజైన శుక్రవారం పొద్దున దాన్ని టీపాయ్‌కి బిగించి ఆడుతున్నాను. వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి చూస్తే మామయ్య. తెర మీద నా బస్సు ఫుట్‌పాత్ ఎక్కి ఉంది.

"స్టాపుకు అంత దూరంల ఆపితే ముసలోళ్ళు ఎట్ల ఎక్కుతరు బిడ్డా?" అన్నారు.

ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదలు. లేచి స్టీరింగ్ ఆయనకిచ్చాను. వద్దు వద్దంటూనే కూర్చున్నారు. చెప్పులు విప్పారు. జేబురుమాలుతో స్టీరింగ్ తుడిచి, రెండు చేతులూ దాని మీద పెట్టి కళ్ళకద్దుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ చేతులు ఆ పని ఎన్ని వేల పొద్దుల్లో చేసి ఉంటాయో అనిపించింది.

ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన డ్రైవరు మొదటి మలుపులోనే ఎదురుగా వస్తున్న ట్రాము మీదికి బస్సు పోనిచ్చారు. ఎడమకు పోవడం ఆయన ఒంట్లో ఉంది. ఇదేందిది అని గట్టిగా అని, మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు. ఆ రోజు భోజనానికి మూడుసార్లు పిలిస్తే గాని లేవలేదు.

తర్వాత అది ఆయనకు డ్యూటీ అయిపోయింది. పొద్దున తొమ్మిదింటికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. పెడళ్ళు జారుతున్నాయని ప్లాస్టిక్ తాడుతో టీపాయ్ కాళ్ళకు కట్టారు. ఎక్కే జనంతో తెలుగులోనే మాట్లాడేవారు, జర లోపలికి జరగండ్రి అని. అవసరం లేకపోయినా హారన్ కొట్టేవారు. అలా కొట్టినందుకు గేము మార్కులు కోస్తుందని తెలిసి చాలా నొచ్చుకున్నారు. హారన్ కొట్టకుంటే మనం వస్తున్నమని ఎట్ల తెలుస్తది, ఇది ఎవడు రాసిన రూలు అని నన్నడిగారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ రోజు ట్రిప్పుల సంగతి చెప్పడానికి తయారుగా ఉండేవారు. ఏ స్టాపులో ఎంత లేటయిందో, ఏ కారువాడు అడ్డం వచ్చాడో వివరంగా చెప్పేవారు. ఆ కబుర్లు వింటూ నేను టీ పెట్టేదాన్ని. బాల్కనీకి ఇద్దరమూ వెళ్ళడం మానేశాం.

ఒక సాయంత్రం మా ఆయన మాటల్లో నా పరీక్షల విషయం బయటపెట్టారు. మర్నాడు శుక్రవారం. పొద్దున మామయ్య నన్ను పిలిచి కూర్చోబెట్టి, బస్సును రౌండబౌట్ ఉన్న రూటుకు తీసుకుపొమ్మన్నారు. ఎక్కడ తప్పుతున్నావో చూపించమన్నారు. చూపించాను. తెరలో కూడా నా కళ్ళు కుడివైపుకే పోయాయి.

ఆయన నవ్వారు. తనకూ వారం రోజులు అదే తిప్పలని చెప్పారు. చేతులకు, కాళ్ళకు తొందరగానే అర్థమైందట. కన్ను ఒక్కటే మాట వినలేదట. అందుకని రౌండబౌట్ కనిపించగానే ఎడమ అని పైకి అనేవారట, ఇంట్లో ఎవరూ లేరు కదా అని గట్టిగానే. నన్నూ అలాగే అనమన్నారు. జనం ఎక్కితే కంగారు పడతావు, ఖాళీ బస్సు తిప్పు అన్నారు. ఆ ఉదయం నేను ఖాళీ బస్సుతో ఆ రౌండబౌట్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ప్రతిసారీ ఎడమ అనడం, చూడడం, సందు దొరికాక కదలడం. తప్పు చేస్తే ఆయన కసురుకోలేదు. టీపాయ్ మీద వేలితో ఒకసారి తట్టేవారు, అంతే.

మధ్యలో నాకు విసుగొచ్చి స్టీరింగ్ వదిలేశాను. ఇక్కడ తిప్పితే అక్కడ వస్తుందా మామయ్యా, పక్కన పోలీసాయన కూర్చుంటే నాకు చేతులు ఆడవు అన్నాను. ఆయన తన పాత సంగతి ఒకటి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకు ఘాట్ రోడ్డు రూటు వేశారట. మొదటి ట్రిప్పులోనే మలుపు దగ్గర బస్సు వెనక్కి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ జనం దిగిపోయి నడుచుకుంటూ వెళ్ళిపోయారట. అక్కడి నుంచి ఆయన్ను తీసేసి నెల రోజులు డిపోలో బస్సులు కడిగించారు.

"ఈ ముచ్చట మీ అత్తకు తెల్వది, నీ మొగనికి తెల్వది. డిపోల నేను రోజూ ఏం జేసేటోన్నో తెలుసా? బస్సు కడిగినంక సీట్ల కూసుండి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండనే ఆ మలుపు తిప్పుకునేది. నెల దినాలు. తర్వాత అదే రూటు అడిగి ఏయించుకున్న."

నేను మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాను.

మూడో పరీక్ష జూలై చివర్లో. కారులో మేము నలుగురు ఆడవాళ్ళం, నా వంతు మూడోది. అధికారి వేరే మనిషి, కానీ అంతే గంభీరంగా ఉన్నాడు. రౌండబౌట్ దగ్గర ఎడమకు తిరగమన్నాడు. ముందుగానే ఎడమ లేన్‌లోకి వచ్చాను. ఎడమ అని తెలుగులో పైకే అనేశాను. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. ఒక ట్రక్కు పోయింది, దాని వెనక తెల్ల కారు పోయింది, సందు దొరికింది. కదిలాను. చుట్టు తిరిగి బయటికి వచ్చి కొంత దూరం పోయాక పక్కకు ఆపమన్నాడు. ఏదో రాసుకుని, ఖలాస్, అయిపోయింది, బాగుంది అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్తే మామయ్య ముఖం వెలిగిపోయింది కానీ, అడిగింది మాత్రం ఒకటే.

"హారన్ ఎన్నిసార్లు కొట్టినవ్?"

ఒక్కసారి కూడా కొట్టలేదన్నాను. గదేం డ్రైవింగ్ అని తల అడ్డంగా ఊపి, ఫ్రిజ్‌లోంచి ముందే తెప్పించి పెట్టిన స్వీట్ డబ్బా బయటికి తీశారు. పాసవుతానని ఆయనకు నాకంటే ముందే నమ్మకం కుదిరిందన్నమాట.

మంచి కంట్రోల్ వచ్చాక, ఆయన వెళ్ళే ముందు శుక్రవారం, ముగ్గురం ఉత్తరాన అల్ రువైస్ దాకా వెళ్ళాం. మా కారు నేనే నడిపాను. మామయ్య ముందు సీట్లో, మా ఆయన వెనక. రేవులో చెక్క పడవల నుంచి చేపలు దింపుతుంటే మామయ్య అక్కడే నిలబడిపోయారు. ఒక జాలరికి ఉర్దూ కొంచెం వచ్చు. ఆ పడవ ఇంజిన్ ఎన్ని గుర్రాల బలమో, డీజిల్ ఎంత తాగుతుందో ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. సముద్రాన్ని మాత్రం చూసినట్టు లేదు. చేపలు కొనుక్కుని తిరిగి బయల్దేరాం.

ఆ రోడ్డు తిన్నగా ఉంటుంది. రెండు వైపులా ఇసుక. బయల్దేరిన పది నిమిషాలకు మామయ్య తల కిటికీ వైపు వాలింది. నేను ఏసీ గాలి ఆయన మీదకు రాకుండా పక్కకు తిప్పాను. వెనక నుంచి మా ఆయన ముందుకు వంగి, నెమ్మదిగా అన్నారు, నాన్న వేరేవాళ్ళు నడిపే బండిలో నిద్రపోవడం నేను ఇంతవరకూ చూడలేదు, పెళ్ళి బస్సుల్లో కూడా డ్రైవర్ పక్కనే కూర్చుని తెల్లార్లూ రోడ్డు చూసే మనిషి అని.

నేను వేగం కొంచెం తగ్గించాను.