తాగని మనిషి ఎర్రమొహం

"…తాగలేదంటే నమ్మడానికి నేనేమైనా చిన్నపిల్లనా? అద్దంలో చూసుకో ఆ మొహం!"

"పొద్దున్నించీ ఇస్త్రీ పెట్టె ముందు నిలబడ్డానే! వేడికి ఎర్రబడదా మరి?"

"నేనూ పొయ్యి ముందే నిలబడతా. నా మొహం అలా మందారంలా విచ్చుకోదేం?"

ఇస్త్రీ కొట్టు మెట్టు మీద కూర్చుని వింటున్న ఆ ఇల్లాలి అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. పనీపాటా లేని మనిషి కాబట్టి తీర్పులు చెప్పడానికి తీరిక ఎక్కువ. "నువ్వు మా ఇంటికి వచ్చెయ్యమ్మా," అన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ కొట్టు మీదే.

"వస్తా. ఈసారి డాక్టరు కూడా తాగుడే అంటే, అక్కణ్ణించి అటే వస్తా."

ఇస్త్రీ అతను జన్మలో చుక్క ముట్టలేదు. ఆ సంగతి నమ్మే మనిషి వీధి మొత్తానికి అతనొక్కడే.

అంతకుముందే, ఒంటి మీద గోధుమరంగు మచ్చలు చూసి చర్మం డాక్టరు సబ్బు మార్చమన్నాడు. కడుపు ఎడమపక్క బరువుగా ఉందంటే అది తన శాఖ కాదన్నాడు. పొట్ట డాక్టరు స్కానింగ్ తీయించి, ప్లీహం పెరిగిందని చెప్పి, అతని మొహం చూసి, "తాగుడు మానెయ్యి" అన్నాడు. పొట్ట మీది మచ్చలు ఆయన వేళ్ల కిందే ఉన్నాయి. అవి ఆయన శాఖ కాదు. ఒక్క మనిషిని వాటాలేసి పంచుకోవడంలో ఆ ఆసుపత్రికి తిరుగులేదు.

చివరికి ముగ్గురూ నెత్తురు జబ్బుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ ఒక మచ్చని పెన్ను వెనకభాగంతో రుద్ది ఊరుకుంది. కాసేపటికి అది దద్దురులా ఉబ్బింది.

"వేడి తగిలితే మొహం ఎర్రబడుతుందా?"

ఇన్నాళ్లకి అతన్ని ఆ మాట అడిగిన మనిషి దొరికింది. డాక్టరమ్మ తుంటి ఎముకలోంచి మూలుగ తీయించి పరీక్షకి పంపింది.

ఫలితం వచ్చాక మళ్లీ పిలిచింది. "మాస్ట్ కణాలని ఉంటాయి. దురదలు, దద్దుర్లు పుట్టించేవి అవే. మీ మూలుగలో గుంపులు కట్టాయి. మచ్చలూ, పెరిగిన ప్లీహమూ వాటి పనే. అరుదైన జబ్బు, కానీ మందులున్నాయి. వేడికి అవి రెచ్చిపోతాయి కాబట్టి ఇస్త్రీ పని మానెయ్యాలి."

"మరి తాగుడు?" అన్నాడు ఆవిడ అన్నయ్య, ఆశ చావక.

"తాగుడేంటి? లివరు నిక్షేపంలా ఉంది."

కొట్టు దగ్గరికి రాగానే అన్నయ్య అలవాటుగా మెట్టు మీద చతికిలబడబోయాడు.

"అక్కడ కాదు, లోపలికి రా అన్నయ్యా," అంది ఆవిడ. "రేపట్నుంచి పెట్టె పట్టేది నువ్వే."