అల్లుడుగారి అడ్డుగడ

అల్లుళ్ళకి మా ఊళ్ళో జరిగినంత మర్యాద ఈ డెల్టాలో ఇంకెక్కడా జరగదని మాకు మేమే చెప్పుకుంటాం. పీట వేసి కూర్చోబెడతాం, విస్తరి నిండా వడ్డిస్తాం, వద్దు వద్దంటే ఇంకో గరిటె నెయ్యి పోస్తాం. మా హరిబాబు బావగారికైతే ఆ మర్యాదతోనే కాళ్ళూ చేతులూ కట్టేశాం. అందులో నా చెయ్యి కూడా ఉంది గనక ఈ కథ నేనే రాయాలి.

ఆయనది ఉప్పాడ. సముద్రానికి ఎదురుగా ఇల్లు. డెబ్భై మూడులో మా పెదనాన్న కూతురు అచ్చాయమ్మక్కని చేసుకుని ఇల్లరికం వచ్చారు. పెదనాన్నకి మగపిల్లలు లేరు, అయిదెకరాల వరి ఉంది, చూసుకునే మనిషి కావాలి. ఒక రేకుపెట్టెతో దిగిన ఆ రోజు నుంచి ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన అల్లుడుగారే. ఓటర్ల లిస్టు రాసుకునే మనిషి వచ్చి హరిబాబు ఇల్లెక్కడని అడిగితే, అలాంటివాళ్ళు ఇక్కడ లేరండీ అని మావాళ్ళు వెనక్కి పంపేశారు.

మేం గొప్పగా చెప్పుకునేది ఇంకొకటుంది, కాలవగట్టు. నిడదవోలు దిగువన కాలవకి గేట్లు పెట్టిన లాకు దగ్గర తారురోడ్డు వదిలి గట్టెక్కితే మా ఊరి మీదుగా మూడు మైళ్ళు నీడలోనే నడవచ్చు. దొరల కాలంలో పడవలకి తాళ్ళు కట్టి మనుషులు లాక్కుంటూ నడిచిన దారి అది. రెండు పక్కలా నిద్రగన్నేరు చెట్లు పైన కలిసిపోయి ఉంటాయి. మైలురాళ్ళ మీద అంకెలు ఇప్పటికీ చదవచ్చు. ఎక్కడెక్కడివాళ్ళో కార్లు లాకు దగ్గర ఆపుకుని ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవారు. దాని బాగోగులు మాత్రం మావే. ఇంటికి ఇరవై బారల గట్టు వంతు. ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు ఎవరి వంతులో వాళ్ళు అడుగుమట్టి తీసి గట్టుకి వేసి, చెట్ల మొదళ్ళు కప్పాలి. అన్నదమ్ములు విడిపోతే పొలంతోపాటు గట్టు వంతు కూడా పంచుకోవాలి. బయటివాళ్ళు నవ్వుతారు గానీ, మా ఊరి తగవుల్లో సగం చెట్ల గురించే.

తొంభైల్లో రొయ్యల చెరువులొచ్చాయి, వాటి వెనకాల లారీలొచ్చాయి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారంటారు. మా ఊళ్ళో ఊరందరూ ఉలిపికట్టెలే అయ్యారు. ఆరు మైళ్ళు చుట్టు తిరిగి తారురోడ్డున పోవాల్సిన ఐసు లారీలన్నీ గట్టెక్కాయి. తొంభై నాలుగు వానల్లో ఒక లారీ బరువుకి గట్టు కుంగి గండి పడింది. రెండు చెట్లు కాలవలోకి ఒరిగాయి, అప్పుడే వేసిన ఊడ్పులు మునిగాయి. అప్పుడు బుద్ధొచ్చి గట్టు సంఘం పెట్టుకున్నాం. భద్రిరాజు గారు ప్రెసిడెంటు. నేను హైస్కూల్లో సోషల్ మాస్టర్ని గనక సెక్రటరీని. లాకు దగ్గర రైలుగేటు లాంటి ఇనపగొట్టం అడ్డుగడగా వేయించి తాళం పెట్టాం. సైకిళ్ళూ పశువులూ పక్కనుంచి పోతాయి. ఎడ్లబండికీ ఆటోకీ అంబులెన్సుకీ తాళం తీయాలి. లారీకి తీయకూడదు. పిలవడానికి చెట్టుకొమ్మకి రైలుపట్టా ముక్కొకటి వేలాడదీశాం. కొడితే అరమైలు వినిపిస్తుంది.

తాళం ఎవరి దగ్గరుండాలన్నదే పేచీ. ప్రెసిడెంటు గారి తమ్ముడికిస్తే వియ్యంకుడి లారీకి తీశాడు. కొట్టు రత్నమాణిక్యానికిస్తే ఎవరికీ తీయలేదు. దాంతో లారీలవాళ్ళు కొట్టు ముందు నిలబడి ఏడు తరాలూ తిట్టారు. ఆవిడ వారం ఓర్చుకుని తాళంచెవిని అందరూ చూస్తుండగా కాలవలోకి విసిరేసింది. ఊరన్నాక అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. కాదనడం ఎవరివల్లా కాదు, కాదంటే తిట్టనివాళ్ళూ లేరు.

అప్పుడు భద్రిరాజు గారికి తట్టింది. "ఏవండీ, ఊరి అల్లుడి మీద నోరు చేసుకునే మగాడెవడన్నా ఉన్నాడా ఈ ఊళ్ళో?"

అందరం మొహామొహాలు చూసుకున్నాం. నిజమే. అల్లుణ్ణి తిడితే ఊరికే అప్రతిష్ఠ. ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్ళూ తట్టనందుకు నవ్వుకున్నాం కూడా. ఇల్లరికం వచ్చిన మనిషి పెద్దల మాట కాదనలేడన్న సంగతి మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. బావగారు ఒక్కసారి మా అక్క వైపు చూసి, "కొన్నాళ్ళే కదండీ," అని కొత్త తాళంచెవి తీసుకుని మొలతాడుకి కట్టుకున్నారు.

ఆ కొన్నాళ్ళు ఏడేళ్ళయ్యాయి.

అన్నంలో చెయ్యి పెడతారు, పట్టా మోగుతుంది. ఎడం చేత్తో సైకిలు తీసుకుని అరమైలు తొక్కి తాళం తీసి, వేసి, వచ్చి చల్లారిన అన్నం తింటారు. మడి కట్టుకుని పూజలో కూర్చున్నా అంతే, జ్వరంతో పడుకున్నా అంతే. ఎవరింట్లో పెళ్ళయినా ఆయన పెళ్ళివాళ్ళ బళ్ళకి తాళం తీయడానికి అక్కడుంటారు గానీ పందిట్లో ఉండరు. మా అక్కకి పట్టిసీమ శివరాత్రి మొక్కుంది. పట్టుమని ముప్పై మైళ్ళు లేదు. ఏడు శివరాత్రులూ ఆవిడ ఒక్కతే వెళ్ళొచ్చింది. లారీలవాళ్ళు ఆయన్ని చూసి, "నమస్కారం అల్లుడుగారండీ," అని పళ్ళు నూరుకుంటూ వెనక్కి తిప్పుకునేవారు. గట్టు బాగుపడింది. పడిపోయిన చెట్ల చోట మొక్కలు లేచాయి. కలెక్టరాఫీసు నుంచి ఎవరో వచ్చి, ఊరంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నారు. ఆ పూట మేం దండలేయించుకున్నాం, బావగారు వాళ్ళ జీపుకి తాళం తీశారు.

ఆయన అక్కగారు సంపూర్ణమ్మ ఉప్పాడలో పుట్టింట్లోనే ఉంటుంది, భర్త పోయాక అక్కడే. ఆవిడ ఉత్తరాలు నేనే చదివి పెట్టేవాణ్ణి, ఆయనకి కళ్ళజోడు మార్పించుకునే తీరికా లేదు మరి. మొదటి ఉత్తరంలో సముద్రం ముందు వీధి దాకా వచ్చింది. తరవాత దాంట్లో ఎదురింటిని తీసుకుపోయింది. ఇంకోదాంట్లో అరుగు. ప్రతి ఉత్తరానికీ ఆయన పెట్టె సర్దుకునేవారు. ఒకసారి కోతలన్నాం, ఒకసారి ఎలక్షన్లన్నాం, ఒకసారి బస్సెక్కిన మనిషిని నేనే స్కూలు పిల్లల్ని పంపి దింపించాను, అంబులెన్సొచ్చి ఆగిపోయిందని. ఆయన విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే మాకు సిగ్గేసేదేమో.

రెండువేల ఒకటి ఆషాఢంలో వచ్చిన ఉత్తరం చిన్నది. "తమ్ముడూ, అమావాస్య పోటుకి ఇల్లు నిలవదు. సింహద్వారం నాన్న చేయించింది. కొడుకు చేత్తో తీయాలి గానీ పరాయివాళ్ళ చేత తీయించను. రాకపోతే అదీ పోతుంది." కొత్తల్లుళ్ళు ఆషాఢంలో అత్తవారి గడప తొక్కకూడదంటారు. ఈయన్ని దాటనివ్వడానికి మాకు ఏ మాసమూ కుదరలేదు.

ఆ సాయంత్రం ఆయన సంఘం ముందుకొచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాకు తాళం వద్దండీ. నేనెళ్ళాలి. మా అక్క దగ్గర నాలుగు నెలలుండి ఆవిడకో గూడు చూపించి రావాలి. నన్నొదిలేయండి."

ఏడేళ్ళలో ఆయన నోటి నుంచి అంత పెద్ద మాట రావడం అదే మొదలు. భద్రిరాజు గారు గడ్డం గోక్కున్నారు. "వదిలేస్తే ఎవరికివ్వాలండీ మరి?"

నేను లేచాను. పిల్లలకి రోజూ క్రమశిక్షణ చెప్పే నోరు కదా, ఊరుకోలేదు. "నాకివ్వండి. రూలంటే రూలు."

భద్రిరాజు గారు ఆలోచించి తేల్చారు. "సరే. మాస్టారు మూడు రోజులు చూస్తారు. సవ్యంగా జరిగితే ఆయనే ఉంచుకుంటారు, అల్లుడుగారు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు వెళ్ళిరావచ్చు. తేడా వస్తే మాత్రం మళ్ళీ మీరేనండీ, ఏమీ అనుకోకండి."

బావగారు మొలతాడు నుంచి తాళంచెవి విప్పడానికి చాలాసేపు పట్టింది, ముడి అంత బిగుసుకుపోయింది. నా చేతిలో పెట్టి, "మూడు రోజులేనండీ రామకృష్ణగారూ," అన్నారు. ఆ మనిషి కళ్ళల్లో ఆశ చూశాను. నిజం చెబుతున్నాను, చూశాను.

ఆ రాత్రే ఆయన ఉప్పాడ బస్సెక్కారు. మొదటిరోజు రెండు లారీలు వెనక్కి పంపాను. నా అంతటివాడు లేడనుకున్నాను. రెండోరోజు పొద్దున్న తొమ్మిదింటికి, స్కూలుకి బయల్దేరబోతుంటే పట్టా మోగింది. వెళ్ళి చూస్తే మా చెల్లెలి కొడుకు బంగార్రాజు, వెనకాల ఐసు లారీ, సన్నగా వాన. తారురోడ్డు మీద తూము కూలి నీళ్ళు పారుతున్నాయట.

"మామయ్యా, రాత్రి రొయ్యకి జబ్బు తగిలిందండీ. ఇప్పుడు పట్టకపోతే చెరువంతా పోతుంది. ఒక్కసారండీ. అమ్మ మీ కాళ్ళు పట్టుకోమంది."

"రూలురా," అన్నాను.

"మీరు కాదంటే నేనింక ఎవర్ని అడగాలి మామయ్యా?"

వాణ్ణి ఎత్తుకుని పెంచాను. వాడు ఏడుస్తున్నాడు. స్కూలు బెల్లు కొట్టేస్తున్నారు. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత, అది అంతవరకూ ఆడవాళ్ళకి చెప్పిందనుకునేవాణ్ణి. తాళం తీశాను.

పావుమైలు వెళ్ళేసరికి నానిన గట్టులో లారీ వెనక చక్రం దిగబడింది. అదీ ఎవరి వంతులో? బావగారి వంతులో. గట్టు అంచు బారెడు జారి, నూరేళ్ళ నిద్రగన్నేరు వేళ్ళు బయటపడి కాలవ మీదికి ఒరిగింది. ఊరు ఊరంతా ఇసకబస్తాలతో పరిగెత్తింది. సాయంత్రానికి గండి పడకుండా ఆపగలిగారు. నన్ను ఒక్కరూ ఒక్క మాటనలేదు. భద్రిరాజు గారు బస్తా మోస్తూ నా వైపు చూసి, తల తిప్పుకున్నారు.

మూడోరోజు సాయంత్రం పట్టా మోగితే వెళ్ళాను. అడ్డుగడకి అవతల బావగారు నిలబడి ఉన్నారు. ఏడేళ్ళలో ఆ పక్కన నిలబడి ఆయన పట్టా కొట్టడం అదే మొదలు. వెనకాల చిన్న లారీ, అందులో టేకు సింహద్వారం, రెక్కలతో సహా. ఉప్పుగాలికి తెల్లబడింది, గడప మీద పసుపు ఇంకా ఉంది. ఆయన జుట్టులో ఇసుక ఉంది.

"తీసేశానండీ," అన్నారు సంబరంగా. "గదులు రెండూ కూలిపోయాయి, ఇది ఒక్కటే నిలబడింది. పైకప్పు కూడా లేదు. మా అక్క అందులోంచే లోపలికి పిలిచింది నన్ను. ఆవిణ్ణి పిఠాపురంలో తెలిసినవాళ్ళింట్లో దింపొచ్చాను. రేపు మళ్ళీ వెళ్తానండీ. ఇక్కడంతా సవ్యమేనా?"

నేను తాళంలో చెవి పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "లారీ కదండీ అది! దింపేద్దాం."

నలుగుర్ని కేకేసి ద్వారబంధాన్ని భుజాల మీద ఎత్తించారు. తలుపు రెక్క ఒకటి తానే నెత్తిన పెట్టుకున్నారు. అలా పావుమైలు నడిచాక ఒరిగిన చెట్టు దగ్గర ఆగిపోయారు. ఇసకబస్తాలూ చక్రం గాడీ చూశారు.

"ఎవరిదండీ?"

"బంగార్రాజుదండీ," అన్నాను.

ఆయన తలుపు దించి, చెయ్యి చాపారు. తాళంచెవి ఇచ్చాను. చెట్టు మొదట్లో కూర్చుని మొలతాడుకి కట్టుకున్నారు. తిట్టండి బావగారూ, అని నోటిదాకా వచ్చింది. వియ్యంకుల్ని, చుట్టాల్ని, ఊరందర్నీ తిట్టే మేం, మమ్మల్ని తిట్టే వీలు ఆయనకెప్పుడూ ఉంచలేదు.

ఇంటిదగ్గర మా అక్క ద్వారబంధం వైపు చాలాసేపు చూసింది. "తెచ్చారు సరేనండీ, ఎక్కడ పెడతారు? ఈ ఇంటికి నాన్న పెట్టిన గుమ్మం ఉందిగా." మాట తేలిగ్గానే అంది గానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయనకంటూ ఒక గుమ్మం లేదన్న సంగతి ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది.

ఊరు నిజంగా బాధపడింది, అది నేను కాదనను. బాధపడినప్పుడు మావాళ్ళు ఊరుకోలేరు, ఏదో ఒక మర్యాద చేసెయ్యాలి. నెల తిరిగేసరికి ఇంటికింత వేసుకుని, లాకు దగ్గర, అడ్డుగడ పక్కనే, పెంకులతో ఒక చిన్న గది కట్టించారు. దానికి ఉప్పాడ సింహద్వారం పెట్టించారు. మంచం, కుండ, ఫ్యాను. శ్రావణ శుక్రవారం గడపకి పసుపు రాసి, మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టారు. భద్రిరాజు గారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇదిగోనండీ అల్లుడుగారూ, మీ ఇల్లు. ఇంక సైకిలు తొక్కే బాధ కూడా లేదు మీకు. కావాలంటే మీ అక్కగార్నీ ఇక్కడికే తెచ్చేసుకోండి. మీరింక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. సముద్రం వైపు తెరుచుకునే తలుపులు అడ్డుగడ వైపు తెరుచుకున్నాయి. బావగారు కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళారు. గడప మీద చెయ్యి వేసి అక్కడే కూర్చుండిపోయారు, చిన్నపిల్లాడిలా. ఇంకా మంచం మీద కూర్చోలేదు, బయట పట్టా మోగింది. ఎవరిదో ఎడ్లబండి.

నాకు మనసాగలేదు. దగ్గరికెళ్ళి చెయ్యి చాపాను. "ఇలా ఇవ్వండి బావగారూ. ఈ ఒక్కసారి నేను తీస్తాను. మీరు కాసేపు మీ ఇంట్లో కూర్చోండి."

ఆయన నా వైపు చూసి, ఎప్పట్లాగే మర్యాదగా నవ్వారు.

"వద్దండీ రామకృష్ణగారూ. మీకు మొహమాటం ఎక్కువ."

మొలలోంచి తాళంచెవి తీసుకుంటూ, వాళ్ళ నాన్న గుమ్మంలోంచి తల వంచి బయటికి వచ్చారు.