నేపర్‌విల్ మంచులో తిరుమల మెట్లు

అమెరికాలోని మా నేపర్‌విల్‌లో ఆ ఆదివారం చలి ఎంతంటే, గుమ్మంలో నేను వదిలిన నిట్టూర్పు గడ్డకట్టి కాళ్ల దగ్గర టంగుమని పడింది. నమ్మకపోతే మా ఆవిడని అడగండి. ఆవిడా నమ్మదు.

అయినా బయటికి వెళ్లక తప్పదు. స్నేహితులమంతా ఫోన్‌లో ఒక నడక పోటీ పెట్టుకున్నాం. ఎవరి వీధిలో వాళ్లు నడుస్తుంటే, యాప్‌లోని మ్యాప్ మీద వాళ్ల చుక్క విజయవాడ నుంచి తిరుమల కొండ మీదికి పాకుతుంటుంది. ఆదివారం పొద్దుగూకేలోపు పైకి చేరాలి. అందరి చుక్కలూ కొండెక్కి కూర్చున్నాయి. నాది మాత్రం మెట్ల మధ్యలో రొప్పుతూ నిలబడింది. ట్రెడ్‌మిల్ నడక చెల్లదని రూల్ పెట్టిందీ నేనే, ఆకులు ఎర్రబడుతున్న హాయైన రోజుల్లో.

"మానేయండి, మీకిది కొత్తా?" అంది మా ఆవిడ. "గిటార్ మానేశారు, ఈత మానేశారు, జిమ్ అయితే మొదలుపెట్టకముందే మానేశారు."

నిజమే. నేను మొదలుపెట్టి పూర్తిచేసింది పెళ్లి ఒక్కటే. అది కూడా పురోహితుడు గారు పట్టుబట్టి చేయించారు. అందుకే ఈ కొండ ఎక్కి తీరాలనుకున్నాను.

స్వెటర్ మీద జాకెట్, దాని మీద ఇంకో జాకెట్ తొడుక్కుని, తలుపులో పట్టక పక్కకి తిరిగి బయటపడ్డాను. వీధిలో నరమానవుడు లేడు. మంచులో ఏనుగులా అడుగులేస్తూ చాలా దూరం వెళ్లి ఫోన్ తీస్తే, చలికి బ్యాటరీ ప్రాణం వదిలేసి ఉంది. ఇక నా అడుగులు దేవుడు చూస్తాడేమో గానీ యాప్ చూడదు. సూర్యుడు అప్పటికే ఇళ్ల కప్పుల మీదికి దిగిపోయాడు. అయినా ఆగలేదు.

ఇంతలో కారొచ్చి పక్కన ఆగింది. ముందు మా ఆవిడ, వెనక మా అమ్మాయి.

"ఏవండీ, ఫోన్ ఎత్తరేం? భయపడి చచ్చాం. ఎక్కండి!"

"ఎక్కను. కాలినడకన కొండెక్కేవాడు మధ్యలో కారెక్కితే ఎక్కినట్టా?"

"నాన్నా, ఫోన్ డెడ్ కదా? కౌంట్ అవ్వదు. మరి ఎందుకు వాక్ చేస్తున్నావ్?" అంది అమ్మాయి.

నేను ఇంకో అడుగు వేశాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కారు చార్జర్ వైరు కిటికీలోంచి బయటికి చాపింది.

"పట్టుకోండి."

అలా సాగింది మా ఊరేగింపు. లైట్లు మిణుక్కుమనిపిస్తూ కారు, దానికి వైరుతో కట్టేసిన దూడలా నేను. కుక్కని తిప్పుతున్న ఒక అమెరికన్ పెద్దావిడ, ఇదెవరి అంతిమయాత్రో అనుకుందేమో, అంత చలిలోనూ టోపీ తీసి నిలబడింది.

"కాస్త త్వరగా నడవండి. ఇంత నెమ్మదిగా పోవడం ఈ కారుకి చేతకాదు," అంది మా ఆవిడ.

ఫోన్ కళ్లు తెరిచింది. చుక్క ఒక మెట్టు ఎక్కింది, ఇంకోటి ఎక్కింది. సూర్యుడు దిగుతున్నాడు, నేను ఎక్కుతున్నాను. కళ్లలోంచి, ముక్కులోంచి గోదావరి, కృష్ణ కలిసి పారుతున్నాయి. ఎదురింటి చిమ్నీ వెనక చివరి ఎర్రదనం మిగిలి ఉండగా ఫోన్ గణగణ మోగింది. పైకి చేరాను!

"అయిందిగా, ఇక ఎక్కండి," అంది మా ఆవిడ.

వైరు పీకి ఆవిడ చేతిలో పెట్టాను. "నువ్వు పద. ఇంటిదాకా నడిచే వస్తా."

ఆవిడ అద్దం ఎత్తేసింది. కారు మాత్రం నా వెనకాలే, అదే నత్తనడకన, దారంతా లైట్లు వేసుకుంటూ వచ్చింది.