ముక్కులో ఏడు గుళ్లు

మిగ్ విమానం నమూనాకు ముక్కులో బరువు పెట్టకపోతే అది తోక మీద కూలబడుతుంది. మూడు చక్రాల మీద నిలబడవలసింది, ముందు చక్రం గాలిలోకి లేపి, మొండికేసిన పిల్లలా కూర్చుంటుంది. ఈ సంగతి డబ్బాతో వచ్చిన కాగితంలో ఒక మూల చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మొదటిసారి నేనది చూడకుండా దాటేశాను. తరవాత ఎప్పుడూ మరిచిపోలేదు. బరువుకు మా ఊళ్లో కరువు లేదు. కాలవలో చేపలు పట్టేవాళ్లు వల అంచుకు కట్టే సీసపు గుళ్లు అడిగితే గుప్పెడు ఇచ్చేవారు. నాకు ఏడు చాలు.

మాది మామిడికుదురు దగ్గర కాలవగట్టు మీద ఊరు. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. నా ఏడో ఏట తుంటికి చీము పట్టి, గోదావరి అవతల మిషను ఆస్పత్రిలో పది నెలలు మంచం మీద ఉన్నాను. పిల్లల వార్డులో పడుకున్నవాళ్లకు చూడ్డానికి పైకప్పు సున్నం తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ పెచ్చుల్లో ఆవుల్నీ పడవల్నీ వెతుక్కుంటూ పది నెలలు గడిపాను. దేవుడి దయవల్ల కాలు దక్కింది, కాస్త పొట్టిగా. బడికి వెళ్లాలంటే తాటిదుంగల వంతెన దాటాలి. అమ్మ ఒప్పుకోలేదు. అందుకని నాన్నగారే బడి ముగించుకుని వచ్చి, కాళ్లు కడుక్కుని, నాకు రెండోసారి బడి పెట్టేవారు. నా చదువంతా ఆ అరుగు మీదే. పగలు అమ్మ దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నాను. సన్నటి దారం, సన్నటి కొక్కెం సూది. చూపు ఒకచోట నిలపడం, చెయ్యి వణక్కుండా ఉంచడం నాకు లేసే నేర్పింది.

అన్నయ్య నాకంటే ఆరేళ్లు పెద్ద. ఎయిర్‌ఫోర్సులో చేరాడు. విమానాలు దిగాక చక్రాలు, బ్రేకులు చూసే పని. డెబ్బైల నడిమిలో ఒక వేసవి సెలవుకి వస్తూ బెంగుళూరులో కొన్న అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. లోపల బూడిద రంగు ప్లాస్టిక్కు చట్రాలు, వాటికి అంటుకుని వందకు పైగా ముక్కలు. తనే చేద్దామని కూర్చున్నాడు. అరగంటకి రెక్కకీ చొక్కా గుండీకీ జిగురు అంటించుకుని లేచాడు.

“నా వేళ్లకి ఇవి లొంగవే. నీ లేసు వేళ్లకైతే లొంగుతాయేమో చూడు.”

లొంగాయి. ఇంగ్లీషు కాగితాన్ని నాన్నగారు నాచేత పాఠంలా చదివించారు. ముక్కల్ని చట్రం నుంచి విరవకూడదు, బ్లేడుతో కోయాలి. కోసిన చోట ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాలి. పైలెట్టు కూర్చునే చోటి మీద గాజులాంటి మూత వస్తుంది. దాని మీద వెంట్రుకంత చువ్వలు రంగుతో గియ్యాలి. గీస్తే వంకరపోయేవి. చివరికి సెల్లో టేపుకి ముందే రంగు వేసి, ఆరాక బ్లేడుతో దారాల్లా చీరి, లేసు సూది కొసతో ఎత్తి అంటించాను. ఎవరూ చెప్పింది కాదు. అలా తోచింది, తోపించినవాడికి వందనాలు చెప్పుకున్నాను.

మా సీమలో గాలికి తడెక్కువ. వెండి రంగు వేస్తే ఆరేలోగా పాలు ఒలికినట్టు తెల్లబారిపోయేది. దానికి అమ్మ ఉపాయం చెప్పింది. బిస్కట్ల రేకుడబ్బాలో వేయించిన బియ్యం పోసి, పైన పుల్లల మంచె కట్టి, విమానాన్ని దానిమీద పెట్టి మూత బిగించమంది. తడంతా బియ్యం పీల్చుకునేది. పెట్టెతో వచ్చే గుర్తులు పరాయిదేశాలవి. మన మూడు రంగుల చక్రాలు నాన్నగారి కంపాసుతో కాగితంలో కన్నం కోసి నేనే వేసేదాన్ని. అన్నయ్య ఏడాదికొక పెట్టె తెచ్చేవాడు. పూర్తయినవాటిలో ఒకటో రెండో పట్టుకెళ్లేవాడు. “మా బ్యారెక్సులో అందరూ చూస్తారే, చెల్లాయి చేసిందని చెప్తాను” అనేవాడు. నాకు అంతకంటే ఏం కావాలి.

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో ఒక్కొక్కరూ దేవుడికి తమ కృతజ్ఞతలు, స్తోత్రాలు పైకి చెప్పాలి. నాన్నగారు పెట్టిన నియమం. నా వంతు ఎప్పుడూ అన్నయ్యతో ముగిసేది. నాకీ పని తెచ్చిచ్చిన అన్నయ్య కోసం స్తోత్రం అని.

ఐదో విమానం, వెండి రంగు మిగ్, మొక్కుబడి. పైకప్పు తప్ప ఏమీ లేని ఆ వార్డుకి ఒకటి ఇస్తానని దేవుడితో ఎప్పుడో అనుకున్నాను. అంతకుముందు చేసిన వాటన్నిటిలో నాకు కనబడిన తప్పులు ఇందులో రాకుండా చూసుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. రెండు సగాలూ మూసే ముందు ముక్కులో ఏడు గుళ్లు కొవ్వొత్తి మైనంతో అద్ది, పక్కన చిన్న కాగితం పెట్టాను. “ఆస్పత్రి పిల్లలకు, స్తోత్రంతో.” లోపల ఉన్నది దేవుడికి కనిపిస్తే చాలనుకున్నాను. ఇంత జాగ్రత్తపడినా ఒక బియ్యపుగింజ ఎగిరి ఎడమ రెక్క కింద తడి రంగులో అంటుకుంది. తీస్తే సన్నటి గుంట మిగిలింది. మళ్లీ రుద్ది వేద్దామంటే అన్నయ్య సెలవు అయిపోతోంది.

“ఉండనీవే. మంచం మీద పడుకున్నవాళ్లు రెక్క కింద గుంట లెక్కెడతారా? వెళ్లే దారే కదా, నేనిచ్చేసి వెళ్తాను.”

పాత పరికిణీ గుడ్డలో చుట్టి ఇచ్చాను.

మూడు వారాలకి అన్నయ్య ఉత్తరం వచ్చింది. విమానం ఇచ్చానని, సిస్టరుగారు సంతోషించారని, వార్డు మధ్యలో దారంతో కట్టారని, నిజంగా ఎగురుతున్నట్టు సమంగా వేలాడుతోందని, పిల్లలు చప్పట్లు కొట్టారని. ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగేదాకా చదువుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం నా స్తోత్రాల్లో ఆ వార్డు చేరింది. మరుసటి ఏడు అన్నయ్య సెలవుకి వచ్చినప్పుడు కూడా చెప్పాను. నా పక్కనే చాప మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అందరితోపాటు “ఆమెన్” అన్నాడు.

ఆ సెలవులోనే అన్నయ్యకు రాజోలులో సంబంధం కుదిరింది. అమ్మాయి తండ్రి కాలేజీలో లెక్చరరు. ప్రధానానికి అందరం వాళ్లింటికి వెళ్లాం. చర్చి అయ్యగారు ప్రార్థన చేసి, ఉంగరాలు మార్పించి, ఇంకా కాఫీలు అందుతుండగా నేను హాల్లో గోడవారగా కూర్చున్నాను. ఎదురుగా అద్దాల బీరువా. మధ్య అరలో, టీకప్పులకీ ఆటల్లో గెలిచిన ఒక కప్పుకీ నడుమ, నా వెండి మిగ్.

మొదట నాకు సంతోషమే కలిగింది. నిజం చెప్తున్నాను. తెలిసినవాళ్లను పరాయి ఊళ్లో చూసినట్టు. ఇలాంటిదే ఇంకొకటి ఉందేమో అనుకుంటుండగా లెక్చరరుగారు బీరువా తెరిచి దాన్ని బయటికి తీశారు.

“ఇదుగోనండి, మా అల్లుడుగారి చేతిపని. పోయినేడు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఉత్త చేతుల్తో రాకుండా ఇది పట్టుకొచ్చేరు. అప్పుడే అనుకున్నానండి, ఇంత ఓర్పున్న మనిషి చేతిలో పిల్లని పెట్టొచ్చని.”

పైకెత్తి అందరికీ చూపించారు. ఎడమ రెక్క కింద బియ్యపుగింజ గుంట నా వైపే తిరిగింది.

“ఈ అద్దం మీద గీతలు ఎలా గీసేరు బాబూ?” అని ఎవరో అడిగారు.

అన్నయ్య నా వైపు చూడలేదు. “గియ్యకూడదండీ. టేపుకి ముందు రంగేసి, సన్నంగా చీరి, సూది కొసతో అంటించాలి” అన్నాడు. నా మాటలే, నేను చెప్పిన వరసలోనే.

లెక్చరరుగారు విమానాన్ని కాస్త వంచారు. లోపల గలగలమంది.

“ఏంటి బాబూ ఆ చప్పుడు?”

మా పెదనాన్నగారు అందుకున్నారు. “పైలెట్టు ఇంకా ప్రాణాలతో ఉన్నాడండి. తలుపు తియ్యమని కొడతన్నాడు.”

అందరూ నవ్వారు. అన్నయ్య నవ్వి, “ఏదో నట్టు ఊడి ఉంటుందండీ” అన్నాడు. ప్లాస్టిక్కు విమానంలో నట్టు ఉండదు. అతనికి లోపల ఏముందో తెలీదు. ఆ రెండు సగాలూ మూసినప్పుడు అతను ఊళ్లో లేడు.

“గుళ్లండి” అన్నాను.

హాలు నా వైపు తిరిగింది.

“వలకి కట్టే సీసపు గుళ్లండి. ముక్కు బరువు లేకపోతే తోక మీద కూర్చుంటుందండి. ఎండకి మైనం కరిగి ఊడినట్టున్నాయి.”

“నీకెలా తెలుసమ్మా?” అన్నారు లెక్చరరుగారు. ప్రేమగానే అడిగారు.

నేను నోరు తెరిచేలోగా అన్నయ్య అన్నాడు. “నాకు సాయం చేసేదండి చెల్లి. బ్రష్షులవీ కడిగి అందించేది. పాపం, ఇంట్లో ఉంటుంది కదా, కాలక్షేపం.”

అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నాకు అర్థమైంది. తలుపు సందులోంచి కాబోయే వదిన చూస్తోంది, వేలికి కొత్త ఉంగరం. ఆ విమానాన్ని విరిస్తే లోపల నా అక్షరాలు ఉన్నాయి.

“అంతేనామ్మా?” అన్నారు లెక్చరరుగారు.

“ఆయ్, అంతేనండి” అన్నాను.

ఎవరి గౌరవం కోసం అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంటికొచ్చాక అన్నయ్య నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే వెళ్లి నిలబడ్డాను.

“ఆస్పత్రికి వెళ్లలేదా అన్నయ్యా?”

“వెళ్దామనే బయల్దేరేను. సంబంధం మాట్లాడ్డానికి వాళ్లు రాజోలు రమ్మన్నారని కబురొచ్చింది. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తానే? వాళ్లంతా చదువుకున్నోళ్లు. నేను చక్రాలు తుడిచేవాణ్ణని చెప్పనా?”

“అదీ మంచి పనే కదా.”

“నీకు మంచి పనే. వాళ్లకి కాదు.”

“పిల్లలు చప్పట్లు కొట్టేరని రాసేవు.”

చెంబు కింద పెట్టాడు. “నువ్వు సంతోషిస్తావని రాసేను.”

సంతోషించాను. ఏడాదికి పైగా, ప్రతి సాయంత్రం, జరగనిదానికి స్తోత్రం చెల్లించాను. మనుషులు మోసపోవడం లోకంలో ఉన్నదే. కానీ నేను దేవుడి ముందు పలికిన మాటల్ని అబద్ధం చేసి, పక్కన కూర్చుని దానికి ఆమెన్ చెప్పాడు. ఆ మాట అతనికి చెబుదామనుకున్నాను.

“ఇంకొకటి చేసుకోవే. పెట్టె తెచ్చేను కదా, అటక మీదుంది” అని లోపలికి వెళ్లిపోయాడు.

పెళ్లి బాగా జరిగింది. పెట్టె అటక మీదే ఎనిమిది నెలలు ఉంది. దాన్ని చూస్తే లంచంలా కనిపించేది. మొక్కుబడి మాత్రం అన్నయ్యది కాదు, నాది. ఒక రోజు నేనే దించుకున్నాను. మళ్లీ మిగ్గే. అదే బ్లేడు, అదే బియ్యం డబ్బా. ఈసారి గుళ్లకి మైనం కాకుండా జిగురు పెట్టాను. లోపల కాగితం పెట్టలేదు. కుడి రెక్క కింద, లేసు సూదికి నల్లరంగు తాకించి, నా పేరు రాశాను. గర్వమేమో అని రెండు రోజులు మథనపడ్డాను. చెరపలేదు.

నేనే పట్టుకెళ్లాను, ఒక్కదాన్నీ. బస్సు, రేవు, గోదావరి దాటించే పంటు, మళ్లీ బస్సు. ఒళ్లో బిస్కట్ల డబ్బా. చిన్నప్పటి సిస్టరుగారు లేరు. ఉన్నావిడ ఒకప్పుడిక్కడ పది నెలలున్నానంటే కుర్చీ వేశారు. అంతకుముందు ఇలాంటిదేమైనా ఎవరైనా ఇచ్చారా అని అడిగాను, తెలిసి కూడా.

“లేదండి. ఇస్తే దాచుకోమా?”

పనిమనిషి బల్ల ఎక్కి, నేను తెచ్చిన లేసుదారం విమానం నడుముకి చుట్టి, పైనున్న పాత కొక్కేనికి కట్టింది. వదిలేసరికి ముక్కు ధబేల్న కిందికి వాలింది. తోక పైకి లేచి, నేలలోకి గుచ్చుకోబోతున్నట్టు తలకిందులుగా వేలాడింది. మంచాల మీద పిల్లలు నవ్వారు.

నాకు ఉత్తరం గుర్తొచ్చింది. సమంగా వేలాడుతోందని రాశాడు. ముక్కులో ఏడు గుళ్లున్న విమానం, విప్పి చూడనివాడు నడుముకి దారం కడితే సమంగా ఎలా వేలాడుతుంది? గుళ్లు వేసింది నేను. అన్నిసార్లు ఆ ఉత్తరం చదివి, ఒక్కసారి ఆ మాట దగ్గర ఆగలేదు. నమ్మేవాళ్లు చదివే తీరే అంత కాబోలు.

దారం నాలుగు వేళ్లు ముక్కు వైపు జరపమన్నాను. జరిపింది. విమానం రెండుసార్లు ఊగి, సమంగా నిలిచింది. కిటికీ వెలుతురు వెండి రంగు మీద పడింది. పడుకున్నవాళ్లకు రెక్క కింద పేరు కనిపిస్తుంది. సిస్టరుగారు తలెత్తి చదివి, “మీదేనాండీ?” అన్నారు.

“ఆయ్, నాదేనండి” అన్నాను.

ఆ సాయంత్రం ప్రార్థనలో నా వంతు వచ్చింది. వార్డు కోసం, పంటు నడిపినవాళ్ల కోసం, కుర్చీ వేసిన సిస్టరుగారి కోసం స్తోత్రం చెప్పాను. ఈసారి అన్నీ నేను కళ్లారా చూసినవే. చివర అన్నయ్య పేరు రావాలి. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాన్నగారు కాసేపు ఎదురుచూశారు. తరవాత ఆయనే నెమ్మదిగా ఆమెన్ అన్నారు.